సెరెయిమా చాప మీద అడుగులు

“మళ్లీ వచ్చింది తమ్ముడూ. అదిగో, చాప మీద చూడు. అమ్మ కాలే.”

తవెయుని దీవిలో మా పక్కింటి సెరెయిమా అక్కకు యాభై రెండేళ్లు. చక్కెర జబ్బు వాళ్లమ్మ నుంచి వచ్చింది. ఆవిడకు కుడికాలు మోకాలి దాకా తీసేస్తే, ఇంటివాళ్లు దాన్ని బిస్కెట్ల అట్టపెట్టెలో తెచ్చి కొండవాలున పాతిపెట్టారు. ఆ తర్వాత వెనకగదిలో గోడకేసి పడుకుని ఆవిడ ఒకటే మాట: “వేళ్లు ముడుచుకుపోయాయి, చాపండే.” చివరికి తవ్వి చూశారు. పెట్టె నలిగి, పాదం నిజంగానే వంగిపోయి ఉంది. సరిచేసి పాతిన రోజే ఆవిడ హాయిగా నిద్రపోయింది. కొన్నాళ్లకు ఆ గదిలోనే చనిపోయింది. ఇది అక్క నాకు చాలాసార్లు చెప్పింది, ప్రతిసారీ గొంతు తగ్గించి.

ఇప్పుడు చూస్తే చాప మీద ఎండిన రక్తపు అడుగులు. అన్నీ కుడివే. తలుపు దగ్గర్నుంచి ఆమె మంచం దాకా.

వంగి చూశాను. ఏ అడుక్కీ బొటనవేలు లేదు. అక్క బొటనవేలు పోయినేడే తీసేశారు.

“అక్కా, నీ కుడికాలు ఇలా పెట్టు.”

“నాకేమైంది? నొప్పీ లేదు, పాడూ లేదు.”

అరికాల్లో పగడపు ముక్క దిగి ఉంది. చుట్టూ నల్లబడింది. “నొక్కి చూస్తా” అని వేలితో నొక్కాను.

“నొక్కు మరి, చూస్తూ కూర్చుంటావేం?” అంది.

నేను నొక్కుతూనే ఉన్నాను.

నా చెయ్యి చూసింది. “అయితే ఇన్నాళ్లూ నన్ను చూసి నేనే జడుసుకున్నానా?” అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

“ఆసుపత్రికి పద అక్కా.”

“వస్తా. కాలు తీసేస్తారు, నాకు తెలుసు. నన్నెవరు చూసుకుంటారో తేలాక వస్తా. నా కూతురు ఏడుస్తూ కడుగుతుంది, నాకొద్దు. మా మరదలు కెలెరా అయితే తిడుతూ కడుగుతుంది. అదే నయం.”

వెనకగదిలో మంచం కిర్రుమంది. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం.

అక్క అటు తిరగలేదు. “ఆ గదిలో నన్ను పడుకోబెట్టొద్దని కెలెరాకు చెప్పు. మంచం ఈ గుమ్మం దగ్గరే ఉండాలి, దారిన పోయేవాళ్లతో పోట్లాడుకుంటాను. ఒప్పుకుంటుందేమో ఇప్పుడే వెళ్లి అడుగు. దాని మొగుడితో కూడా ఒక మాట చెప్పు. నా కాలికి చెక్కపెట్టె చెయ్యమను. పొడుగ్గా చెయ్యమను.”