శనివారాల వంతు

నలుగురు కలిసి కొనుక్కున్న చిన్న విమానానికి వంతుల పుస్తకం పళ్ళ డాక్టరు దగ్గరే ఉండేది. దాన్ని చంకలోంచి తీసేవాడు కాదు. ఆన్‌లైన్లో రాసుకుందామని మిగతావాళ్ళు అడిగినప్పుడల్లా, "చూస్తున్నానండీ, అన్నీ ఖరీదే," అనేవాడు. నిజానికి ఒక్కటీ చూడలేదు. చివరికి వాటాదారుల్లో ఒకరైన లెక్కల టీచరు పది నిమిషాల్లో ఉచితంగా దొరికే యాప్‌ని పట్టుకుంది. విమానంలో ఎవరు ఎప్పుడు నడిపారో రాసే లాగ్‌బుక్ చూసి పాత వంతులన్నీ అందులోకి ఎక్కించి, షెడ్డులో అందరి ముందూ తెరిచింది. ఏడాది పొడుగునా శనివారాలన్నీ డాక్టరువే. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. మూడుసార్లు శనివారం అడిగిన టీచరుకి ఖాళీ లేదని చెప్పినవాడు తనే.

"ఈ వారం మీరు తీసుకోండి, టీచరుగారూ," అన్నాడు నేల చూస్తూ.

"అక్కర్లేదండీ. మా అన్నయ్యకి మా ఇల్లు పైనుంచి చూపిద్దామని అడిగాను. ఇప్పుడాయనకి చూపు పోయింది," అంది మామూలుగా.

డాక్టరు ఫోన్ తీసి, రాబోయే శనివారాల్లోంచి తన పేరు ఒక్కొక్కటే చెరిపేస్తూ కూర్చున్నాడు. ఎవరూ వద్దనలేదు.