అద్దం మీది ఊళ్ళు

మర్డో గెలెట్లీ ముప్ఫయ్యేళ్ళు ఓమరూ ఊరి మాంసం ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌గా చేశాడు. రిటైరయ్యాక పాత వాల్వు రేడియోలు బాగుచేసే పిచ్చి పట్టింది. రేడియో క్లబ్బులో కొత్తగా చేరినవాళ్ళకు అతను చెప్పే మొదటి మాట ఒక్కటే: "అద్దం వెనకవైపు వేలు పెట్టారో, ఆ వేలు విరిచేస్తా." రేడియో ముందుండే ఆ అద్దం మీద స్టేషన్ల ఊళ్ళ పేర్లు ముద్రించేది వెనకవైపే. డెబ్బయ్యేళ్ళ నాటి సిరా. తడి తగిలితే నిలవదు.

ఫిబ్రవరిలో అతని భార్య ఊనాకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఆసుపత్రిలో మాట నేర్పే ఆవిడ మర్డోను పక్కకు పిలిచింది.

"మూడు నెలల్లోపు ఒక్క మాట పెగిలినా దాన్ని పట్టుకుని ముందుకెళ్ళొచ్చు. తరవాత కష్టం. ఆవిడ చిన్నప్పుడు వల్లెవేసినవేమైనా ఉన్నాయా? అలాంటివి ఒక్కోసారి వాటంతటవే నోటికొస్తాయి."

ఉన్నాయి. ఊనా తండ్రికి చూపు లేదు. ఆయన రేడియో మర తిప్పుతుంటే, ముల్లు ఏ ఊరి మీదుందో కూతురు పక్కన నిలబడి చదివేది. డునెడిన్, గ్రేమౌత్, నేపియర్... ముప్ఫై ఊళ్ళు. పెళ్ళయ్యాక కూడా గిన్నెలు తుడుస్తూ ఆ వరసంతా అప్పజెప్పేది. "మళ్ళీ మొదలెట్టావా తల్లీ!" అని మర్డో మొహానికి పేపరు అడ్డం పెట్టుకునేవాడు.

మామగారి రేడియో షెడ్డులో దుప్పటి కింద ఉంది. దించి విప్పాడు. మైనం కారిపోయిన కాగితపు కండెన్సర్లన్నీ మార్చాడు. నేరుగా కరెంటు ఇవ్వకుండా మధ్యలో ఒక బల్బు పెట్టి చూశాడు. బల్బు భగ్గుమని, మెల్లగా మసకబారింది. లోపల షార్టు లేదన్నమాట. వాల్వులనే గాజు గొట్టాలు ఎర్రబడ్డాయి. రేడియో గురగురలాడింది. పదకొండో వారం గడుస్తోంది.

ఊనా ఇంటికి రావడానికి ఒక రోజుందనగా అద్దం చూశాడు. మామగారి పైపు పొగ గోధుమరంగు పొరలా పేరుకుని ఉంది. ముందువైపు తుడిచాడు. పోలేదు. పొర వెనక కూడా ఉంది. ఆమె కళ్ళకు ఆనాలి కదా అనుకున్నాడు. సబ్బునీళ్ళ గుడ్డతో ఒక మూల తాకించాడు. తళతళలాడింది. ధైర్యం వచ్చి ఈ చివరినుంచి ఆ చివరికి ఒక్కసారి లాగాడు.

ముప్ఫై ఊళ్ళూ గుడ్డకు అంటుకుని వచ్చేశాయి.

క్లబ్బు మిత్రుడు నెవ్ పాస్కోకు ఫోన్ చేశాడు.

"నువ్వా! పదిహేనేళ్ళుగా అద్దం అద్దం అని మా ప్రాణాలు తోడేసింది నువ్వే కదరా!"

"తరవాత తిట్టు నెవ్. ఇంకో అద్దం దొరుకుతుందా?"

"ఆ మోడల్ చేసినవే కొన్ని వందలు. నేనింతవరకూ రెండోది చూళ్ళేదు. ఫోటో తీశావా?"

"లోపలి తీగలన్నీ తీశా. ముందువైపు తియ్యలేదు."

"ఏడిసినట్టుంది. సరే, చేత్తో రాద్దాం. వరస చెప్పు."

"ఊళ్ళు చెప్పగలను. అద్దం మీద ఏది ఎక్కడుందో తెలీదు."

"యాభయ్యేళ్ళు విన్నావు గదరా!"

మర్డో ఫోన్ పెట్టేశాడు.

మర్నాడు ఊనాను తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. మర్డో రేడియో వేశాడు. ఖాళీ అద్దం పచ్చగా వెలిగింది. ఆమె చాలాసేపు చూసింది. మెల్లగా ఎడమచెయ్యి ఎత్తి, మధ్యకు కాస్త కుడిగా వేలు ఆనించింది. పెదాలు గుండ్రంగా తిరిగాయి. ఊపిరి వచ్చింది. మాట రాలేదు. భర్తకేసి తిరిగి చూసింది, ఆ ఊరి పేరు అందివ్వమన్నట్టు.

మర్డో ముల్లును ఆమె వేలి కిందికి తిప్పాడు. ఆ చోట ఇప్పుడున్నది వేరే స్టేషను; గుర్రప్పందేల వ్యాఖ్యానం గోలగా మోగింది. ఆమె తల అడ్డంగా ఊపి, వేలితో అద్దం మీద కొట్టింది.

"నేపియరా?"

కాదన్నట్టు తలూపింది.

"టిమారూ? గిస్బర్న్?"

మళ్ళీ కొట్టింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నాకు తెలీదే ఊనా. నువ్వు చెప్తుంటే నేనెప్పుడూ విన్లేదే."

ఆమె వేలు తియ్యలేదు. మర్డో గుర్రాల గోల తగ్గించి, మోకాళ్ళ మీద కూర్చుని, దేశపు దక్షిణపు కొసనుంచి ఒక్కో ఊరి పేరూ మొదలుపెట్టాడు.

"ఇన్వర్‌కార్గిల్."

తల అడ్డంగా ఊపింది.

"గోర్?"