తూకం కార్డుకు పెట్టిన కుంకుమ

"ఇయ్యాలన్నా పలుకుతాదా అది?" అన్నాను.

"పలక్కుంటే ఆ మిల్లుకూ నాకూ సరి. నువ్వు దారికడ్డం నిలబడొద్దు మే, బస్సు పోతాది" అన్నాడు నా మొగుడు. మా ఇద్దరి మధ్య అవే ఆఖరి మాటలు.

ఎనభైలు ముగిసే కాలం. ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సెక్కి ఆదోని పోయి, పత్తిమిల్లు తూకం గదిలో పని చేసేవాడు. మిల్లుకు కంప్యూటర్ వచ్చింది. కాటా నుంచి వచ్చే తీగను దానికి కలపాలంటే నడుమ ఒక పచ్చ కార్డు ఉండాలట. దాని సంగతి నేను అడిగితే చెప్పాడు: "బండి కాటా ఎక్కుతానే బరువు తీగలో వస్తాది. వచ్చిందని కంప్యూటర్‌ను తట్టి లేపేది ఈ కార్డే. తట్టకపోతే దానికి తెలీదు, ఆ బరువు పోయినట్లే."

ఆయుధపూజ ముందురోజు, మిల్లులో బిగించే ముందు సరిచూసుకోవాలని ఆ కార్డును ఇంటికి తెచ్చాడు. తెల్లవారి కత్తిపీటకు, సైకిలుకు, ఆయన స్క్రూడ్రైవర్లకు కుంకుమ పెట్టాను. కార్డుకూ పెట్టాను. దాని కింది అంచున బంగారు పళ్లలాంటివి ఉంటే, ముఖం అదే అనుకొని అక్కడే అద్దాను. నూనెతో కలిపిన కుంకుమ. ఆయన స్నానం చేసి వచ్చే అలికిడికి, తిడతాడని కొంగుతో తుడిచేశాను. పోయిందనే అనుకున్నాను.

మిల్లులో బిగించాక ఆ కార్డు ఒకసారి తట్టేది, రెండుసార్లు ఊరకుండేది. ఆయన దాని మీది బిళ్లలు మార్చాడు, ఇంకో గాడిలో పెట్టాడు, తీగ మార్చాడు. కార్డు పిలవకపోయినా కంప్యూటరే మాటిమాటికీ పోయి అడిగేట్టు చేస్తే, దానికి ఆ అడగడంతోనే సరిపోయి బరువు చీటీలు అచ్చుకావడం ఆగిపోయింది. ఆలూరు నుంచి వచ్చిన పత్తిబండ్లు గేటు బయట నిలబడేవి. "ఏమన్నా, నీ పెట్టె ఇంకా నిద్రలేయలేదా?" అని బండ్లవాళ్లు ఎగతాళి చేసేవాళ్లు. ఇంటికొచ్చి అన్నం కెలికేవాడు. నన్ను ఒక్క మాటా అడగలేదు. నేనూ చెప్పలేదు. కుంకుమకూ దానికీ ఏం సంబంధం అనుకున్నాను.

నాతో ఆ ఆఖరి మాటలన్న రోజే మిల్లు షావుకారు ఆయన్ను ఇంక రావద్దన్నాడు. ఆదోని బస్టాండులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. గుండె.

దినాలు అయ్యాక తూకం గదిలో ఆయనతో పనిచేసిన సాయిబు వచ్చాడు. "అక్కా, నిన్న ఆ కార్డు పళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్దితిని. ఒక పన్ను మీద ఎర్రగా జిడ్డు. అది పోయినాక ఒక్క బరువూ తప్పలేదు. ఎవురు పూసినారో ఏమో, పాపం అన్న" అన్నాడు.

నేను కాఫీ ఇచ్చి పంపాను. నేనే అని అనలేదు. ఇన్నేళ్లూ ఎవరితోనూ అనలేదు.

సంతకం తప్ప నాకు రాయడం రాదు, అందుకే నీతో రాయించాను చెల్లెలా. నేను బాధపడతానని యాడన్నా మెత్తగా మార్చినావేమో. నేనే పూసినానని ఉందా లేదా? మొదటి నుంచి సదువు, వింటాను.