నర్సింహులు వేగం తగ్గిన వానాకాలం

1953 వానాకాలం. నాంపల్లి స్టేషన్‌కు కాస్త దూరంలో మా సర్కారు ఆఫీసు, దాని వెనక ఒక మైదానం ఉండేవి. కాగితాల మీద నేను అక్కడ గుమాస్తా డేవిడ్‌ను. నిజానికి నన్ను తీసుకున్నది ఆఫీసు క్రికెట్ జట్టుకు రెండో వికెట్ కీపర్‌గా. ఆ రోజుల్లో కొన్ని ఆఫీసులు ఆటగాళ్లకు ఉద్యోగాలిచ్చి జట్లు నడిపేవి. మెదక్‌లో మిషన్ స్కూల్లో కీపింగ్ నేర్చుకున్న నాకు 1949లో అలా ఉద్యోగం దొరికింది.

రెండో కీపర్ అంటే ఏం చేస్తాడని ఇప్పటికీ కొందరు అడుగుతారు. మొదటి కీపర్ మ్యాచ్ ఆడతాడు. రెండోవాడు రోజూ పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా ప్రాక్టీసులో బౌలర్లందరి బంతులూ పడతాడు. ప్రాక్టీసు పిచ్‌ను నెట్స్ అనేవాళ్లం గానీ, మాకు వల రెండు పక్కలే ఉండేది. వెనక వల బదులు నేనుండేవాణ్ణి. మా మొదటి కీపర్ కరీం భాయ్‌కి జ్వరం కూడా వచ్చేది కాదు. నాలుగేళ్లలో నేను ఆడిన లీగ్ మ్యాచ్‌లు మూడే. బాధ లేదంటే అబద్ధమవుతుంది. కానీ బౌలర్లు నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. గ్లవ్స్‌లో పడ్డ దెబ్బను బట్టి ఎవరికి ఒంట్లో బాగాలేదో, ఎవరు ఇంట్లో పోట్లాడి వచ్చారో చెప్పగలిగేవాణ్ణి.

అలాంటి బౌలర్లలో నర్సింహులు ఒకడు. నల్లగొండ వైపు వ్యవసాయం చేసుకునే ఇంటివాడు. పట్నం వచ్చి అఫ్జల్‌గంజ్‌లో బస్తాలు మోస్తూ, ఆదివారాలు గల్లీ జట్టుకు బౌలింగ్ చేస్తుంటే మా కెప్టెన్ చూసి తీసుకొచ్చాడు. ఇరవై అయిదేళ్లుంటాయి. చాదర్‌ఘాట్‌లో ఒక గది కిరాయికి తీసుకుని తల్లితో, భార్యతో ఉండేవాడు. ఆఫీసులో టెంపరరీ అటెండర్. లీగ్‌లో బాగా ఆడితే పర్మనెంట్ చేస్తామన్నారు. లేకపోతే మళ్లీ బస్తాలే.

ఆ జూలైలో ఒక స్నేహపూర్వక మ్యాచ్ ఆడాం. అప్పట్లో మట్టి పిచ్ మీద కొబ్బరి పీచు చాప పరిచి ఆడేవాళ్లం. మ్యాటింగ్ అంటారు. దాని మీద బంతి ఒక్కోసారి ఉన్నట్టుండి పైకి లేస్తుంది. ఆ రోజు కరీం భాయ్‌కి విశ్రాంతి ఇచ్చి నన్ను నిలబెట్టారు. ఎదుటి జట్టులో రాజలింగం అనే బ్యాట్స్‌మన్. అబిడ్స్‌లో ఒక బట్టల దుకాణంలో పని చేసేవాడు. నర్సింహులు వేసిన బంతి లేచి అతని దవడకు తగిలింది. ముందు వెళ్లింది నేనే. రెండు పళ్లు ఊడిపోయాయి. దవాఖానకు తీసుకెళ్తున్నంతసేపూ నర్సింహులు పిచ్ మధ్యలో అలాగే నిలబడిపోయాడు.

మర్నాటి నుంచి అతని బంతి మెత్తబడింది. నా అరచేతులు మండడం మానేశాయి. డాక్టరు భుజం చూసి ఏమీ లేదన్నాడు. కెప్టెన్ మాత్రం భుజం పోయిందనే అనుకున్నాడు.

"వేరే బౌలర్‌ని చూస్తున్న," అన్నాడు నాతో.

"లీగ్ మొదటి మ్యాచ్ దాక ఆగండి సార్," అన్నాను.

"అప్పటిదాక ఏమైతది?"

ఏమవుతుందో నాకూ తెలియదన్నాను. అయినా ఆగుతానన్నాడు.

వారం రోజులు నర్సింహులుకు ధైర్యం చెప్పాను. ఆటలో దెబ్బలు మామూలేనన్నాను. ఏమీ లాభం లేకపోయింది. ఒకరోజు బ్యాట్స్‌మన్‌ను తప్పుకోమని, ఉత్త స్టంప్స్‌కు బంతి వేయమన్నాను. వచ్చి పడిన బంతికి నా వేళ్లు తిమ్మిరెక్కాయి. మళ్లీ బ్యాట్స్‌మన్ రాగానే మెత్తటి బంతి. ఈసారి బంతిని వదిలేసి అతని కళ్లు చూశాను. ఆఖరి అడుగులో అతని చూపు స్టంప్స్ మీద లేదు. బ్యాట్స్‌మన్ ముఖం మీద ఉంది. కీపర్ నిలబడే చోటు నుంచి తప్ప అది ఇంకెక్కడి నుంచీ కనబడదు.

ప్రాక్టీసయ్యాక పిచ్ రోలర్ మీద కూర్చోబెట్టి అడిగాను.

"భుజం నొస్తలేదు కదా?"

"లేదన్నా."

"మరేంది?"

"ఉరికొస్త. అంతా మంచిగనే ఉంటది. ఆఖర్ల రాజలింగమన్న మొఖం కనవడ్తది. ఎవరు నిలబడ్డా గదే మొఖం. చెయ్యి గాడనే ఆగుతది."

"ఆయనను మళ్లీ చూసినవా?"

"ఏ మొఖం పెట్టుకొని పోవాలె? అబిడ్స్ దిక్కే పోతలేను. అఫ్జల్‌గంజ్ మీదికెళ్లి సుట్టు తిరిగి ఆఫీసుకొస్తున్న."

ఆ సాయంత్రమే అతన్ని అబిడ్స్‌కు తీసుకెళ్లాను. రాజలింగం ఎవరో ఆడవాళ్లకు చీరలు పరిచి చూపిస్తున్నాడు. దవడ మీద కుట్ల గుర్తు ఇంకా ఎర్రగా ఉంది. నర్సింహులు గుమ్మం దాటలేదు.

"లోపలికి రా తమ్మి. గాడ నిలబడితే గిరాకి ఎట్లొస్తది?" అన్నాడు రాజలింగం.

"అన్నా, నేను కావాలని..."

"నాకెర్కే. బంతి చాప మీద లేచింది. నువ్వేం జేస్తవ్?" అని చాయ్ తెప్పించాడు.

పని అయిపోయిందనుకుని నిశ్చింతగా ఇంటికెళ్లాను. మర్నాడు పొద్దున నర్సింహులు మొదటి బంతి వేశాడు. అదే మెత్తదనం.

రెండు రోజులు ఆలోచించి, ఒంటరిగా రాజలింగం దగ్గరికి వెళ్లాను. ఒకసారి బ్యాట్ పట్టుకుని నర్సింహులు ఎదుట నిలబడమని అడిగాను. మడిచిన చీరనే విప్పి మళ్లీ మడిచాడు.

"తీరిక లేదు డేవిడ్," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "నీకు చెప్తే ఏముంది. నాకు భయమైతుంది. ఇంట్ల గూడ చెప్పలే. గల్లీల పోరగాళ్లు రబ్బరు బంతి ఇసిరినా మొఖం తిప్పుకుంటున్న."

నేను సిగ్గుపడ్డాను. నా బౌలర్ గురించే తప్ప, దెబ్బ తిన్న మనిషి గురించి నేను ఆలోచించనే లేదు. వద్దులే అని లేవబోతుంటే నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆదివారం దుకాణం బంద్. పొద్దుగాలనే వస్త. ఎవర్నీ పిలువకు."

ఆ ఆదివారం మైదానంలో మేం ముగ్గురమే. ఫాస్ట్ బౌలర్‌కు కీపర్ చాలా దూరం వెనక నిలబడతాడు. ఆ రోజు నేను స్టంప్స్ దగ్గరికే వచ్చి నిలబడ్డాను. నా మాట రాజలింగానికి దగ్గరగా వినబడాలనుకున్నాను. లోపల నాకూ భయమే. బంతి మళ్లీ ఆ దవడకే తగిలితే ఆ పాపం నాది.

మొదటి బంతి మెత్తగా వచ్చింది. దానికే రాజలింగం కాలు పక్కకు జరిగింది. రెండోదీ అంతే. మూడోదాని తర్వాత బ్యాట్ చంకలో పెట్టుకుని నర్సింహులు దగ్గరికి నడిచాడు.

"గిట్లనే వేస్తవా తమ్మి? నా భయం ఎట్ల పోవాలె? మెత్తటి బంతులు నా ఇంట్ల నా బిడ్డ గూడ వేస్తది. నువ్వు గట్టిగ వేస్తెనే నేను మళ్ల ఆడుత. నాకోసం వెయ్యి."

నర్సింహులు నా వైపు చూశాడు. నేను తలూపాను. వెనక్కి నడిచి, పాత చోటు నుంచి పరుగెత్తుకొచ్చాడు. బంతి చాప మీద పడి లేచింది. రాజలింగం తల వంచాడు. నా చూపుడు వేలు మెలిపడింది గానీ బంతిని మాత్రం వదల్లేదు.

"బతికే ఉన్న," అన్నాడు రాజలింగం. బ్యాట్ మళ్లీ నేలకు ఆనించాడు. "ఇంకోటి."

గంటసేపు ఆడాం. ఒకటి అతని పక్కటెముకలకు తగిలింది. నర్సింహులు ఉరికొస్తుంటే చేత్తోనే ఆగమని, మళ్లీ నిలబడ్డాడు. ఆ తర్వాత ఒక బంతిని ప్రహరీ మీదుగా బయటికి కొట్టాడు. దాన్ని తేవడానికి నవ్వుకుంటూ పరుగెత్తింది నర్సింహులే. ఆ నెల రోజుల్లో అతను నవ్వగా చూడడం అదే మొదటిసారి.

లీగ్ మొదటి మ్యాచ్‌కు కరీం భాయ్ చెల్లెలి పెళ్లికి గుల్బర్గా వెళ్లాడు. వాపు తగ్గని వేలికి పట్టీ చుట్టుకుని నేను ఆడాను. నర్సింహులు రెండో ఓవర్లో బ్యాట్ అంచుకు తగిలిన బంతి నా చేతుల్లోకే వచ్చి జారిపోయింది. అంత తేలిక క్యాచ్ నేను ఎప్పుడూ వదల్లేదు. తల ఎత్తలేకపోయాను.

"పోనీ అన్నా. ఇంకోటి వస్తది," అని వెనక్కి నడిచాడు. నిజంగానే వచ్చింది. దాన్ని పట్టాను. ఆ రోజు అతనికి నాలుగు వికెట్లు. రెండు నెలల తర్వాత పర్మనెంట్ ఆర్డరు చేతికొచ్చింది. రాజలింగం కూడా తన క్లబ్బుకు మళ్లీ ఆడాడు. మొదట్లో చివరి వరుసలో, తర్వాత ఎప్పటిలాగే మూడో స్థానంలో.

నేను 1956 దాకా రెండో కీపర్‌గానే ఉన్నాను. ఆ తర్వాత వేళ్లు సరిగ్గా ముడుచుకోక మానేశాను. నీ తప్పు లేదన్న మాట నర్సింహులుకు చాలలేదు. ఏ వేగం వల్ల ఒక మనిషికి దెబ్బ తగిలిందో, ఆ వేగమే ఆ మనిషికి అవసరమని అతను కళ్లారా చూడాల్సి వచ్చింది. ఆ తర్వాత తడబడిన బౌలర్ ఎవరు ఎదురైనా ధైర్యం చెప్పడం మానేశాను. అతని బంతి ఎవరికి కావాలో వెతికి, ఆ మనిషిని తీసుకొచ్చి ఎదురుగా నిలబెట్టేవాణ్ణి.