పాలకేను మూతతో తేలిన పడవ

ఎందరినో నీళ్ళు దాటించిన పాల కొమురయ్య గత గురువారం ఉదయం మనల్నందరినీ దాటి వెళ్ళిపోయాడు. ఆ సంగతి నాకు చెప్పినవాడు రబ్బరు సామాన్ల దుకాణం గఫార్ భాయ్. ఫోనులో సలాం లేదు, క్షేమం లేదు. “పంతులు సాబ్, అప్నా కొమురయ్య గయా,” అని ఊరుకున్నాడు. “ఎక్కడికి?” అని అడిగాను. ముప్ఫయ్యేళ్ళు కార్యాలయంలో మాటలు అతికించి బతికినవాడికి అంత చిన్న క్రియాపదం అర్థం కాలేదు. అవతల ఆయన ఏడుపు వినిపించాక అర్థమైంది. చేతిలోని చాయ్ గ్లాసు ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తు లేదు.

వరదనీటిలో కాలు కోసుకుపోయి, తొమ్మిది రోజులు జ్వరంతో పోరాడి పోయాడు. పురానాపూల్ గోడల మీద ఫ్లెక్సీలు వెలిశాయి. వాటిలో ‘ప్రాణదాత’ అని రాశారు. దాత అన్నాక పుచ్చుకున్నవాళ్ళు కూడా ఉంటారు. ఆ జాబితా రాయవలసి వస్తే మొదట నా పేరే రాయాలి. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

ఈ సంచిక చదివేవారిలో సగంమంది అతడు పోసిన పాలు తాగినవారే. మిగిలినవారి కోసం చెబుతున్నాను. మూసీ ఒడ్డున తాతల నాటి బర్రెల కొట్టం, పొట్టి మనిషి, వెడల్పాటి అరచేతులు, చెవిలో ఎప్పుడూ ఒక బీడీ. ఆ బీడీ వెలిగించగా నేను చూడలేదు. అడిగితే డాక్టరు మానెయ్యమన్నాడని, బీడీకి ఆ సంగతి ఇంకా చెప్పలేదని అన్నాడు. చదువు సంతకం వరకే. ఆ సంతకాన్ని మాత్రం దేవుడి పటం ముందు దీపం పెట్టినంత శ్రద్ధగా పెట్టేవాడు. కాగితం మీద పేరు రాశాడంటే ఆ మాట ఇక అతడిది. పాలలో నీళ్ళు కలపడు, మాటలో మాట కలపడు.

కొన్నేళ్ళ కిందట మూసీ పొంగి అతడి గల్లీ మునిగినప్పుడు సర్కారు వారి పడవ వచ్చింది. వచ్చి గల్లీ మొగలోనే ఆగిపోయింది. పడవ వెడల్పు ఎక్కువ, గల్లీ వెడల్పు తక్కువ. డాబాల మీద జనం, మొగలో పడవ, ఒకరినొకరు చూసుకుంటూ సాయంత్రం దాకా గడిపారు. ఆ తర్వాత ఎంతమంది ఎన్ని మాటలన్నా కొమురయ్య అన్నది ఒక్కటే: “గల్లీని కొలువకుంట పడవ జేసిన్రు, పంతులూ.”

ఆ ఏడాదే ఊరవతల చెరువు గట్టున ఒక రిసార్టు మూతపడి సామాన్లు అమ్మేస్తున్నారని తెలిసి, బర్రెలకు తొట్టి కొనడానికి వెళ్ళాడు. పాల ఆటో మీద పసుపుపచ్చని పొడుగాటి పడవను కట్టుకొని తిరిగి వచ్చాడు. దాన్ని కయాక్ అంటారు. మూరన్నర వెడల్పు, ఇద్దరు ఒకరి వెనక ఒకరు కూర్చునే వీలు, రెండు కొసలా రెక్కలున్న తెడ్డు. భార్య లక్ష్మమ్మ వాకిట్లోనే నిలదీసింది. “బర్రెలకు తొట్టి తెమ్మంటె గిదేందయ్యా?” అంది. “గిది గూడ తొట్టే. మనుషులు కూసునే తొట్టి,” అన్నాడు. మా బస్తీ సహాయ సంఘానికి ఆ పడవను అప్పగించి, తాను అధ్యక్షుడు, నేను కార్యదర్శి అని తీర్మానించాడు. నాకు ఈత రాదు. ఇన్నేళ్ళూ నేను ఈదింది ఫైళ్ళలోనే, అదీ మునగకుండా కాదు.

చవకగా వచ్చిన పడవకు ఉన్న భాగాల కంటే లేని భాగాలే ఎక్కువ. కాళ్ళు తన్నిపెట్టుకునే మెట్లు విరిగిపోయాయి, కూర్చునే చోట నడుము పట్టీ తెగిపోయింది, తెడ్డు రెండు ముక్కలు కలిసే చోట వదులు. విడిభాగాల వేటలో కొమురయ్యది ఒకటే పద్ధతి. సామాను పేరు అడగడు. విరిగిన ముక్కను గుడ్డసంచిలో వేసుకొని దుకాణం దుకాణం తిరిగి గల్లా మీద పెడతాడు. “పేరు జెప్తె లేదంటరు. తునక సూపెడ్తె ఎతుకుతరు,” అనేవాడు. అట్లా పాత స్కూటరు ఫుట్‌రెస్టులు పడవలో కాలిమెట్లయ్యాయి. బడిసంచి పట్టీ నడుముపట్టీ అయ్యింది. నవారు మంచం గొట్టం ముక్క తెడ్డును కలిపింది. అమెరికాలో పుట్టిన పడవ ఆరు నెలల్లో అఫ్జల్‌గంజ్ బజారు సంతానమైంది.

మిగిలింది మూత. పడవ వెనక భాగంలో సామాన్ల అర ఉంటుంది. దానికి గుండ్రటి నోరు. నోటికి మూత బిగుతుగా లేకపోతే నీళ్ళు చేరి పడవ వెనక్కి కూలబడుతుంది. ఎండకు పెళుసెక్కిన ఆ మూత చేతిలోనే రెండుగా విరిగింది. ఇక్కడే నా పాండిత్యం ప్రవేశించింది. బజార్లు తిరగడమెందుకు, తయారు చేసినవారికే రాద్దామన్నాను. చక్కటి లేఖ రాసి, నమూనాగా ఆ విరిగిన మూత జతచేసి పార్సిలు పంపాను. రెండు నెలలకు జవాబొచ్చింది: ఆ రకం ఇప్పుడు తయారు చేయడం లేదు. జవాబు వచ్చింది గాని మూత తిరిగి రాలేదు. కొమురయ్య కోప్పడలేదు. చాలాసేపు ఆ ఖాళీ కవరులోకి చూసి, “ఇరిగిందాన్ని చేతులకెల్లి ఎవలన్న ఇడుస్తరా, పంతులూ?” అన్నాడు.

నమూనా పోయింది గనక ఇక పడవే నమూనా అన్నాడు. పన్నెండడుగుల పడవను బోర్లించి ఇద్దరం తలల మీద పెట్టుకొని బజారుకు బయల్దేరాం. ముందు అతడు, వెనక నేను. నా తల భుజాల దాకా పడవ లోపలే ఉండిపోవడంతో బజారంతా చీకట్లో నడిచాను. చూసినవాళ్ళకు నా ధోవతి ఒక్కటే కనిపించిందట. ఒక ఆటో అతను అడ్డం ఆపి, “చచా, మూసీ ఇంక ఈడిదాంక రాలే, జర ఆగు,” అన్నాడు. “వచ్చినప్పుడు నిన్నే ముందుగాల ఎక్కిచ్చుకుంట. ఇప్పుడైతె ఆటో పక్కకు దియ్యి,” అన్న కొమురయ్య జవాబు నాకు పడవ గుండా ప్రతిధ్వనిస్తూ వినిపించింది.

గఫార్ భాయ్ దుకాణం ముందు దించి, నోరు కొలిచి, ఉన్న మూతలన్నీ పెట్టి చూశాం. ఏదీ పట్టలేదు. ఆఖరికి కొమురయ్య ఇంటికి మనిషిని పంపి పాలకేను మూత తెప్పించాడు. వెంట్రుకవాసి వదులుంది. గఫార్ భాయ్ నల్ల రబ్బరు చుట్టు ఒకటి కోసి, మూత అంచుకు తొడిగి అరచేత్తో ఒక్క చరుపు చరిచాడు. “లే భయ్యా, బైఠ్ గయా తేరా ఢక్కన్,” అన్నాడు. మూత కదలకుండా కూర్చుంది. మర్నాడు బర్రెలు కడిగే హౌజులో పడవను దింపి, అరలో ఒక పొడి తువ్వాలు పెట్టి, పొద్దుటి నుంచి పొద్దుగూకే దాకా కొమురయ్య పక్కనే కూర్చున్నాడు. తీసి చూస్తే తువ్వాలు పొడిగానే ఉంది. దాంతోనే మొహం తుడుచుకున్నాడు.

ఆ మరుసటి వానాకాలం గల్లీలో మళ్ళీ నీళ్ళు వచ్చాయి. పడవ గోడకు తగలకుండా పోయి వచ్చింది. మందులు, పాలు మోసింది. ముసలివాళ్ళను ఒక్కొక్కరిగా తెచ్చింది. దిగేటప్పుడు ఒక అవ్వ అతడి నెత్తి మీద చేయి పెట్టి, నీ బర్రెల పాలు కమ్మగుంటయి గాని నీ తొట్టి ఇంకా కమ్మగుంది కొడుకా అందట. ఈ ముచ్చటను అతడు కనీసం ఇరవైసార్లు చెప్పాడు. ఇరవైసార్లూ నవ్వాను.

పేరు వచ్చింది. పేరుతోపాటు ఒక అధికారి వచ్చాడు. ఆయన ఏ కార్యాలయంవాడో చెప్పను, చెప్పినా ఒరిగేదేం లేదు. శాలువా కప్పి, పడవ చుట్టూ తిరిగి, స్కూటరు ఫుట్‌రెస్టులు చూసి, పాలకేను మూత దగ్గర ఆగాడు. ఇవి అసలు భాగాలు కావన్నాడు. ఆయన భాషలో అసలు అంటే మొదట దానితో వచ్చినది. కొమురయ్య భాషలో అసలు అంటే పని చేసేది. ఈ తేడాను విడమరచి చెప్పగలిగినవాడు అక్కడ నేనొక్కడినే, నేనేమో ఆయన కుర్చీకి విసనకర్ర వెతుకుతున్నాను. అసలు భాగాలు అమర్చేదాకా పడవ వాడబోమని సంఘం రాసివ్వాలన్నాడు. రాయడం నా వృత్తి, కొంతవరకు నా వ్యసనం.

అప్పుడు నేను రాసిన వాక్యం ఇది: “సదరు జలయానమునకు మూల విడిభాగములు అమర్చబడునంతవరకు, ఎట్టి పరిస్థితులలోనూ దానిని జలములలోనికి దింపబోమని ఇందుమూలముగా హామీ ఇచ్చుచున్నాము.” ‘ఎట్టి పరిస్థితులలోనూ’ అని ఆయన అడగలేదు. వాక్యం నడక కోసం నేనే వేశాను. కొమురయ్య కలం పట్టుకొని, “ఏం రాసినవ్, పంతులూ?” అని అడిగాడు. “ఏం లేదన్నా, ఉత్త కాయితమే,” అన్నాను. అధ్యక్షుడు గనక దీపం పెట్టినంత శ్రద్ధగా సంతకం పెట్టాడు. పడవను సంఘం హాలులో గొలుసుతో కట్టి సీలు వేశారు. తాళంచెవి కార్యాలయానికి వెళ్ళింది. అసలు మూత కోసం నేను రాసిన లేఖలన్నిటికీ ఒకటే జవాబు. అది పాత జవాబే.

ఈసారి నీళ్ళు తెల్లారేసరికే వచ్చాయి. నేను చాంద్రాయణగుట్టలో, పొడి నేల మీద, పొడి ఇంట్లో ఉన్నాను. కొమురయ్య హాలు ముందు నుంచి ఫోను చేశాడు. చుట్టూ జనం తాళం పగలగొట్టమని లొల్లి చేస్తుండడం వినిపిస్తోంది. సార్‌ను అడిగి చెప్తా, జర ఆగన్నాను. సారు ఫోను మోగుతూనే ఉంది, ఎత్తేవారు లేరు. మళ్ళీ నేను చేసేసరికి కొమురయ్య గొంతు నెమ్మదిగా ఉంది.

“పంతులూ, గా కాయితంల వరదొస్తె ఇప్పొచ్చని ఏమన్న రాసినవా?”

“లేదన్నా. ఎట్టి పరిస్థితులలోనూ అని రాసిన.”

“అట్లనా,” అన్నాడు. ఒక్క క్షణం ఆగి, “సంతకం నాదే గద,” అని పెట్టేశాడు.

పగలగొట్టు అన్నా, నేను చూసుకుంటా అని చెప్పడానికి నాకు ఆ ఒక్క క్షణం ఉంది. అప్పుడు నేను నా పింఛను గురించి ఆలోచిస్తున్నానో, సారు కోపం గురించి ఆలోచిస్తున్నానో నాకే తెలియదు. కొమురయ్య నాలుగు ఖాళీ పాలకేన్లు తాడుతో కట్టి, వాటిని పట్టుకొని గొంతు లోతు నీళ్ళలోకి నడిచాడు. సాయంత్రం దాకా వెళ్ళాడు, వచ్చాడు. గల్లీ మొత్తం బయటికొచ్చింది. నీటి అడుగున రేకు ముక్క తగిలి పాదం తెగింది. కట్టు కట్టుకోమంటే ఇంకో ఇల్లు మిగిలిందన్నాడట. పడవలో కూర్చున్నవాడి పాదాలు స్కూటరు ఫుట్‌రెస్టుల మీద ఉంటాయి, రేకు మీద ఉండవు. మూడోనాడు జ్వరం వచ్చింది.

ఆదివారం సంతాపసభ అదే హాలులో జరిగింది. వేదిక వెనక గొలుసుతో పడవ, పడవకు అడ్డంగా అతడి ఫోటో. అధికారి వచ్చి, దీన్ని ఇక్కడే స్మారకంగా ఉంచుదాం, కింద చెక్కించడానికి ఒక మంచి వాక్యం పంతులుగారు రాస్తారు అన్నాడు. ముందు వరుసలో కూర్చున్న లక్ష్మమ్మ లేచింది. “బొమ్మ జేసి వెట్టుడెందుకు సారూ? గొలుసు ఇప్పుండ్రి,” అంది. పరిశీలిస్తామన్నాడు. ఈ అక్షరాలు రాసేనాటికి పరిశీలిస్తూనే ఉన్నారు. వాన ఇంకా అయిపోలేదు. హామీ ఉపసంహరించుకుంటున్నట్టు సంఘం తరఫున నేను ఇచ్చిన కాగితంలో మూడే ముక్కలున్నాయి, మూడూ తెలుగే.

సభ అయ్యాక లక్ష్మమ్మ నా దగ్గరికి వచ్చి ఆ సంతకం కాగితం చదవమంది. నకలు జేబులోనే ఉంది. చదివాను. ‘జలయానము’ అంటే ఏందని అడిగింది, పడవ అన్నాను. ‘ఎట్టి పరిస్థితులలోనూ’ అంటే ఏందని అడిగింది. చెప్పాను. కొంగు సర్దుకుంటూ, “అయ్యగారూ, గిది ఆయనకు సదివి ఇనిపిస్తె సంతకం వెట్టకపోతుండె,” అంది. కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది.

కొమురన్నా, పెద్ద మాటలతో నీకు నివాళి అర్పించే అర్హత నా కలానికి లేదు. పాత సామాన్లలో పనికొచ్చేదాన్ని గుర్తుపట్టే కన్ను నీతోనే పోయింది. పనికిరాదని రాసే చేతులకు మాత్రం ఈ నగరంలో కొరత లేదు. నీ గల్లీలో ఇవాళ అందరూ ఉన్నారు, నువ్వు తప్ప.

ఈ వ్యాసం అచ్చుకు ఇచ్చే ముందు పురానాపూల్ వెళ్ళి, కొట్టం ముందు నులక మంచం మీద కూర్చొని, మొదటి నుంచి చివరి దాకా లక్ష్మమ్మకు చదివి వినిపించాను. బర్రెలకు గడ్డి వేస్తూ విన్నది. అయిపోయాక చేతిలో మిగిలిన గడ్డి కూడా బర్రె ముందు వేసింది.

“మూతకెల్లి సుక్క నీళ్ళు గూడ లోపటికి రాలేదని రాసినవా?” అని అడిగింది.

రాశానన్నాను. ఆ చోటు మళ్ళీ చదవమంది.

చదివాను.