కంప్యూటర్ కోసం గల్లీ అంతా ఫ్యాన్లు బంద్

ఆ కాలంలో మా వరంగల్ గల్లీలో ఎండాకాలం మధ్యాహ్నాలు ఫ్యాన్ ఎంత తీరికగా తిరిగేదంటే, రెక్క మీద కూర్చున్న ఈగకు లేవాలని కూడా అనిపించేది కాదు. గల్లీ చివర పిండిగిర్ని మొదలైందంటే చాలు, ట్యూబులైటు మిణుకుమిణుకుమంటూ ఉండిపోయేది. టీవీలో బొమ్మ నాలుగు వైపులా ముడుచుకుపోయి పోస్టుకార్డంత అయ్యేది. అందుకని ఏ వస్తువు నెమ్మదిగా నడిచినా మా బాపు చెప్పే కారణం ఒక్కటే: కరెంటు సరిపోతలేదు. ఇస్త్రీపెట్టె వేడెక్కకపోయినా అదే, మిక్సీ మొరాయించినా అదే. (పరీక్షల ముందు నేను నత్తనడకన చదువుతుంటే కూడా, దీనికి కరెంటు సరిపోతలేదనేవాడు.) ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది కానీ, ఈ సిద్ధాంతం ఒకసారి మా అక్క పెళ్ళికే ఎసరు పెట్టబోయింది.

నేను డిగ్రీ చదువుతున్నప్పుడు హైదరాబాద్‌లో ఉండే మా మేనమామ కొత్త కంప్యూటర్ కొనుక్కుని, ఇంట్లో మూల పడేసిన పాతదాన్ని నాకిచ్చాడు. చూడడానికి పలకంత ఉండేది. దాన్ని టీవీకి తగిలించాలి. టేప్ రికార్డర్‌లో క్యాసెట్ పెట్టి కాసేపు కీచు కీచుమని అరిపిస్తే గానీ ప్రోగ్రాం దాని తలకెక్కదు. స్విచ్ ఆపితే ఎక్కినదంతా ఒక్క క్షణంలో మాయం. అయినా గల్లీలో నా పరపతి అమాంతం పెరిగింది, నా పేరే 'కంప్యూటర్ పొల్ల' అయిపోయింది. ఆ ఊపులో పంతులుగారి వెంటపడి లెక్కలు అడిగి తెలుసుకుని జాతకాలు కలిపే ప్రోగ్రాం ఒకటి రాశాను. మొదట అమ్మవీ బాపువీ వేసి చూశాను. అన్నం తిన్నాక మొదలుపెడితే సాయంత్రం చాయ్ వేళకు జవాబు వచ్చింది: ఈ ఇద్దరికీ అసలు కుదరదు. అమ్మ తెరను ఒకసారి చూసి, "దీనికి ఇయ్యాల తెలిసిందా?" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

సరిగ్గా అప్పుడే అక్కకు తొర్రూరు సంబంధం వచ్చింది. పిల్లాడికి డోర్నకల్‌లో రైల్వే ఉద్యోగం. చూపులు అయ్యాయి, ఇద్దరూ ఒకరికొకరు నచ్చారు. అంతా బాగుందనుకునేలోపు జాతకాల దగ్గర చిక్కొచ్చి పడింది. వాళ్ళ పంతులు కుదిరిందన్నాడు, మా పంతులు కుదరలేదన్నాడు. (మామూలుగా ఆడపిల్లవాళ్ళ పంతులు కదా సర్దుకుపోవాలి! మా అదృష్టం అలాంటిది.) పిల్లాడి తండ్రి పత్తి వ్యాపారి, పట్టుదల మనిషి. ఆయన వెనకాడడం చూసి మా బాపు నోరు జారాడు. "ఫికర్ చెయ్యకుండ్రి బావగారూ, మా ఇంట్ల కంప్యూటరే ఉన్నది!" (ఇంకా ఏమీ కుదరనేలేదు, అప్పుడే బావగారు.) ఆయన కాసేపు మీసం దువ్వుకుని, "అయితే ఐతారం వస్తం. మా కండ్ల ముందట నడవాలె. రాహుకాలం రాకముందు అది ఏం చెప్తే గదే ఖాయం" అన్నాడు. ఆదివారం నాలుగున్నరకు రాహుకాలం. వాళ్ళ బస్సు వచ్చేది మధ్యాహ్నం. మా కంప్యూటర్ సంగతి మీకు చెప్పాను కదా.

ఆ సాయంత్రం అక్క నా పక్కన వచ్చి కూర్చుంది. "చెల్లె, జర దాన్ని జల్ది నడిపియ్యి. ఆలస్యమైతే ఆ ముసలాయన మళ్ళ రాడు" అంది. తర్వాత గొంతు తగ్గించి, "నాకు ఆయన మంచిగ నచ్చిండే" అంది. ఎన్నడూ ఏదీ అడగని మా అక్క కళ్ళలో నీళ్ళు చూసేసరికి నాకూ ఏడుపొచ్చింది. ఆ పలకను తీసి గోడకేసి కొట్టాలనిపించింది.

బాపు మాత్రం ఏమీ కంగారుపడలేదు. జబ్బు ఆయనకు తెలుసు, మందూ తెలుసు. శనివారం పొద్దుగూకాక ఇల్లిల్లూ తిరిగాడు. "రేపు మా పెద్ద పొల్ల ముచ్చట. చాయ్ తాగే దాంక ఫ్యాన్లు, బల్బులు బంద్ పెట్టుండ్రి. కరెంటంతా మా ఇంటికి రావాలె." ఒక్కరైనా నవ్వలేదు సుమా! అందరూ సరేనన్నారు. ఎదురింటి చిన్నమ్మయితే తన కొత్త ఫ్రిజ్ కూడా ఆపుతానంది. గిర్ని నడిపే కాక (గల్లీలో అందరికీ బాబాయి వరస) ఒక్కడే, ఆదివారం గిరాకీ వదులుకోలేనని ఒప్పుకోలేదు. కంప్యూటర్ నెమ్మదికి కరెంటుతో సంబంధం లేదని నేను ఎంత మొత్తుకున్నా, బాపు నా తల నిమిరి, "నువ్వు చిన్నదానివి బిడ్డా" అన్నాడు.

నేను మాత్రం మామ ఇచ్చిన పుస్తకం ముందేసుకుని ఆఖరి పేజీ దాకా చదివాను. అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఆ మిషన్ తన సమయంలో ముప్పాతిక భాగం టీవీ మీద బొమ్మ నిలబెట్టడానికే ఖర్చు చేస్తుందట. మిగిలిన కాస్త సందులోనే లెక్కలు. అమ్మ వంట చేస్తూ వచ్చేపోయేవాళ్ళందరికీ జవాబు చెబుతుంటే కూర ఎప్పటికి ఉడకాలి? 'ఫాస్ట్' అని ఒక్క ముక్క కొడితే ఆ బొమ్మ పని మానేసి, లెక్క ఒక్కటే చూసుకుంటుంది. లెక్క పూర్తయ్యేదాకా తెర ఖాళీగా ఉంటుంది, అంతే. ఎగిరి గంతేశాను. ఎవరికీ చెప్పలేదు, చెబితే బాపు మళ్ళీ తల నిమురుతాడని.

ఆదివారం వాళ్ళు వచ్చేసరికి మూడు దాటింది. మా ఇంట్లోనూ ఫ్యాన్ ఆపేశాం. పిల్లాడి తండ్రి, ఆ పెద్దమనిషి, కుర్చీలో కూర్చుని కండువాతో మెడ తుడుచుకోవడం మొదలుపెట్టాడు. బాపు వాళ్ళమ్మ, మా అవ్వ, మంచం మీద ఎగపోస్తుంటే, పెళ్ళికొడుకు ఎవరూ చెప్పకుండానే విసనకర్ర తీసుకుని ఆమెకు విసరసాగాడు. తలుపు చాటున అక్క అది చూసింది. నేను ఇద్దరి పుట్టిన వేళలూ కొట్టి, 'ఫాస్ట్' అని కొట్టాను. తెర మీద ఉన్నదంతా ఒక్కసారి చెరిగిపోయింది.

"ఏమైంది? బంద్ అయ్యిందా?" అన్నాడు పెద్దమనిషి. "లేదు మామయ్యా, లోపల నడుస్తాంది" అన్నాను. "నడుస్తే కనపడాలె గదా!" అన్నాడాయన. మంచం మీద నుంచి మా అవ్వ, "శుభమా అని పొల్ల ముచ్చట పెడితే దీపమారినట్టాయె" అని సన్నగా రాగం తీసింది. ఆ పలక జన్మెత్తాక అంత వేగంగా ఎన్నడూ నడిచి ఉండదు, కానీ నమ్మేదెవరు? "కరెంటు సరిపోతలేదు" అంటూ బాపు చెప్పులు కూడా వేసుకోకుండా గిర్ని వైపు పరుగెత్తాడు.

ఏం చెప్పి బతిమాలాడో గానీ, కాసేపటికి గిర్ని చప్పుడు ఆగిపోయింది. గల్లీలో అప్పటిదాకా కరెంటు లాగుతున్నది అదొక్కటే. అది ఆగగానే వోల్టేజీ ఎగిసిపడింది. టీవీ కింద స్టెబిలైజర్ 'టక్' మని ప్రాణరక్షణ కోసం టీవీనీ కంప్యూటర్‌నూ ఒకేసారి ఆపేసింది. మళ్ళీ 'టక్' మని వేసింది గానీ అప్పటికే నా ప్రోగ్రాం, రెండు జాతకాలు, నవగ్రహాలు అన్నీ గంగలో కలిశాయి. మళ్ళీ క్యాసెట్ ఎక్కించి లెక్క కట్టేంత సమయం లేదు. గోడగడియారం నాలుగు దాటింది. నేను తల పట్టుకుని అక్కడే కూలబడ్డాను. తలుపు చాటున గాజులు చప్పుడు చేశాయి, అక్క లోపలికి వెళ్ళిపోయింది.

అప్పుడు గుమ్మంలోకి ఎదురింటి చిన్నమ్మ వచ్చింది, చెమటతో చీర ఒంటికి అతుక్కుపోయి. "కుదిరిందా?" అంది ఆత్రంగా. ఆమె వెనక పక్కింటివాళ్ళు, విసనకర్రలతో ముసలివాళ్ళు, అందరి వెనక బాపు చెయ్యి పట్టుకుని పిండితో తెల్లగా అయిన గిర్ని కాక. "గిర్ని బంద్ పెట్టిన. ఇంకేమన్న బంద్ పెట్టాల్నా?" అన్నాడు. పెద్దమనిషి అందరినీ తేరిపార చూసి, "ఏంది, ఈ గల్లీల ఎవ్వలింట్ల కూడ ఫ్యాన్ తిరుగుతలేదా?" అని అడిగాడు. చిన్నమ్మ కాస్త కోపంగానే అంది: "ఎట్ల తిరుగుతదన్నా? మా పొల్ల పెండ్లి కన్న ఫ్యాన్ ఎక్కువనా?"

ఆయన, ఇంకా అవ్వకు విసురుతూనే ఉన్న కొడుకు వైపు చూశాడు. తర్వాత కండువా దులిపి భుజాన వేసుకుని లేచాడు. "ఒక్క పొల్ల కోసం గల్లీ గల్లీ చెమటల మునిగి కూసున్నది. ఇంక ఈ డబ్బాను అడుగుడేంది? బావగారూ, రాహుకాలం రాకముందే తాంబూలం తెస్తరా, లేదా? గని ముందుగాల ఆ ఫ్యాన్ ఎయ్యుండ్రి, సచ్చిపోతాన్న!" అన్నాడు. అందరూ ఒక్కసారిగా ఇళ్ళకు పరుగెత్తి స్విచ్చులు వేశారు. వోల్టేజీ పడిపోయి మా ఫ్యాన్ ఎప్పటిలాగే బద్ధకంగా తిరిగింది. ఆ రోజు వీచినంత హాయైన గాలి నేను మళ్ళీ ఎరగను. లోపల అక్క ఏడుస్తూ నవ్వుతూ నన్ను వాటేసుకుంది.

ఆ జాతకాలు కుదిరాయో లేదో ఈనాటికీ ఎవరికీ తెలియదు. మొన్న అక్కావాళ్ళింటికి వెళ్ళాను. నా ఫోన్‌లో ఏదో ఫోటో చూపించబోతే ఎంతకూ తెరుచుకోక, చక్రం గిరగిరా తిరుగుతూ ఉండిపోయింది. రిటైరైన మా బావ మాటామంతీ లేకుండా లేచి వెళ్ళి ఫ్యాన్ ఆపేసి, పేపరు మడిచి అక్కకు విసరసాగాడు. "ఈయనకు గా అలవాటు ఇంక పోలే" అని అక్క నవ్వింది. అదేం చోద్యమో, సరిగ్గా అప్పుడే ఫోటో తెరుచుకుంది. బావ నావైపు గర్వంగా చూశాడు. నేను ఉద్యోగమంతా కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పినదాన్ని. ఆనాడు బాపుతో గొంతు చించుకుని వాదించిన కంప్యూటర్ పొల్ల ఉంటే ఇక్కడే పెద్ద ఉపన్యాసం ఇచ్చేది. నేను మాత్రం, "అవును బావా, ఇప్పుడు మంచిగ నడుస్తాంది" అన్నాను.