సముద్రానికి దిగువన సైకిలు దారి

ఇవాళ మా వారు ఇక్కడ ఒమాన్‌లోని మత్రా బజారు నుంచి మా అబ్బాయికి సైకిలు తెచ్చారు. ఎర్రటి సైకిలు. కారు వెనక డిక్కీలో పట్టక, తలుపు తాడుతో కట్టి, దారంతా టకటకమని చప్పుడవుతుంటే సీబ్‌లో మా ఇంటిదాకా నెమ్మదిగా నడుపుకుంటూ వచ్చారట. రేపు శుక్రవారం, రేవు పనులకి సెలవు. పొద్దున్నే వాడు కొత్త సైకిలు మీద, ఆయన ఎవరినో అడిగి పుచ్చుకున్న పాత సైకిలు మీద, ఖర్జూరపు తోటలకీ సముద్రానికీ మధ్య ఉన్న మట్టిదారి వెంట జాలర్ల పడవలు ఆగే చోటుదాకా వెళ్ళివస్తామని తండ్రీకొడుకులు ఒప్పందం చేసుకున్నారు. నేను ఊఁ అనడమే మిగిలింది. భోజనాల దగ్గర ఇద్దరూ నా మొహం వంక చూశారు, నేను మజ్జిగ పోశాను.

ఆరేళ్ళు దాటిన నా కొడుక్కి సైకిలు తొక్కడం వచ్చని కూడా నాకు ఇవాళే తెలిసింది. కడప నుంచి వచ్చిన మా పక్కింటావిడ కొడుకు సైకిలు మీద, నేను మధ్యాహ్నం కునుకు తీసే వేళ, గోడ అవతల నేర్చుకున్నాడట. ఆ సంగతి చెప్పింది ఆవిడే, గోడ మీదుగా నవ్వుతూ. “ఏందక్కా, సైకిలు కొని గోడకు ఆనిచ్చి పెట్టుకుంటారా? మా వోడు దినామూ ఆ దోవనే పోతాండాడు, సముద్రమేమీ ఎత్తకపోలా. నీ కొడుకేమన్నా మైనం బొమ్మా?” అంది. ఆవిడ మీద నాకు కోపం రాలేదు. కడపలో పుట్టిన మనిషికి నీళ్ళు రావడం లేదన్న బెంగ తెలుసు గాని, నీళ్ళు వస్తున్నాయన్న భయం ఎలా తెలుస్తుంది? మాది దివిసీమ.

నాతోపాటు కాలేజీలో చదువుకుని, డిగ్రీ కాగితం పెట్టెలో అడుగున పెట్టి, భర్త ఉద్యోగం ఎటు పోతే అటు చంకలో బిడ్డతో బయలుదేరిన నా ఈడు వాళ్ళు ఇది చదివితే, నేను సైకిలంటే ఎందుకు జంకుతానో నవ్వకుండా వింటారని ఆశ. ఇంట్లో ఇద్దరూ నిద్రపోయారు. కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను.

ఒమాన్ రావడానికి ముందు, రేవులు తవ్వే కంపెనీ వాళ్ళు మా వారిని పని నేర్చుకోవడానికి ఆర్నెల్లు హాలెండు పంపించారు. నన్నూ, ఏడాదిన్నర పిల్లవాణ్ణీ కూడా తీసుకువెళ్ళనిచ్చారు. ఒక పెద్దావిడ ఇంట్లో మేడమీది గది మాకు దొరికింది. ఆ ఇంటావిడకి సైకిలే కాళ్ళు. కూరలకీ చర్చికీ స్నేహితురాళ్ళ ఇళ్ళకీ అన్నిటికీ దానిమీదే వెళ్ళేది. మేం ఆదివారాలు కిటికీలోంచి వాన చూస్తూ కూర్చోవడం ఆవిడకి బొత్తిగా నచ్చలేదు. వసంతం రాగానే షెడ్డులోంచి రెండు సైకిళ్ళు తీసి, ఒకదాని హ్యాండిల్‌కి పిల్లవాణ్ణి కూర్చోబెట్టే చిన్న బుట్టసీటు తగిలించి, కాగితం మీద దారి గీసి ఇచ్చింది. పాత సరస్సుల మీదుగా, గాలిమరల వరస పక్కనుంచి, ఇంకా నీళ్ళున్న ఒక సరస్సు ఒడ్డున భోంచేసి, గట్టు వెంట తిరిగి రావడం. తొందర పడకుండా తొక్కితే ఒక పూట ప్రయాణం. మా వారికి ఒక సోమవారం సెలవు దొరికింది, ఆ రోజు బయలుదేరాం.

పాత సరస్సులు అంటే ఏమిటో నాకు ఊరు దాటాక అర్థమైంది. మేం తొక్కుతున్న నేలంతా మూడు నాలుగు వందల ఏళ్ళ కిందట నీళ్ళ అడుగున ఉండేదట. చుట్టూ గట్టు కట్టి, గట్టు అవతల కాలవ తవ్వి, గాలిమరలతో నీళ్ళు మెట్టుమెట్టుగా పైకి తోడి ఆ నేలని బయటికి తీశారట. గీత గీసినట్టు తిన్నటి దారులు, దారికిరువైపులా సన్నటి గుంటకాలవలు, వాటి మధ్య గడ్డి, గడ్డిలో నల్లమచ్చల ఆవులు, గుడారాల్లా పెద్ద కప్పులు దిగిన రైతుల ఇళ్ళు. మా వారు ఇంజనీరు కదా, చెయ్యి చాపి అదీ ఇదీ చూపిస్తూ మురిసిపోతున్నారు. నేను ఎడమవైపు తలెత్తి చూస్తే, గట్టు మీద, నా తలకంటే ఎత్తున, ఒక పడవ వెళుతోంది.

మా వైపు కూడా కాలవలు పొలాలకంటే ఎత్తునే పారుతాయి. కాని మా నీళ్ళకి చివరికి సముద్రంలోకి దిగే దారి ఉంది. అక్కడ సముద్రం కూడా పైనే ఉంది. ఆ గట్లు తెగితే నీళ్ళు ఎక్కడికి వస్తాయో ఎవరూ చెప్పనక్కరలేదు, మేం తొక్కుతున్న చోటికే. ఆ మాట అనుకున్నాక నాకు ఆవులూ పువ్వులూ ఏవీ కనిపించలేదు. ఎంతసేపూ చెవులు గట్టువైపే ఉన్నాయి. ఆ సైకిళ్ళకి చేతి బ్రేకు లేదు, పెడలు వెనక్కి తొక్కితే ఆగుతుంది. నేను భయం వేసినప్పుడల్లా కాళ్ళు బిగబట్టి, నడిదారిలో ఆగిపోతూ వచ్చాను.

సరస్సు ఒడ్డున కూర్చుని పులిహోర తిన్నాం. పిల్లవాడు బాతులకి రొట్టె వేశాడు. గాలికి రెల్లు ఒక పక్కకి వాలి మెరుస్తోంది. ఎండలో ఆ కాసేపూ నా మనసు నిజంగానే కుదుటపడింది. మళ్ళీ బయలుదేరేటప్పుడు మాత్రం బిడ్డ ఆయన దగ్గర ముందు వెళుతుంటే నాకు కనపడడం లేదని మొండికేసి, ఆ బుట్టసీటు విప్పించి నా సైకిలుకి తగిలించుకున్నాను. ఎదురుగాలి. ఆయన బలంగా తొక్కుతూ ముందుకు వెళ్ళిపోయారు. నేను కాలవగట్టు మీద, ఒక గాలిమర దగ్గరికి వచ్చేసరికి సైరన్ మోగింది.

ఒక ఊరి నుంచి మొదలై, ఇంకో ఊరి నుంచి, ఇంకో వైపు నుంచి, ఆకాశం అంతా అదే కేక. మా అమ్మమ్మ చిన్నప్పుడు ఒక ఉప్పెన నుంచి బతికి బయటపడిన మనిషి. మాకు అన్నం కలిపి పెడుతూ కూడా ఒకటే మాట చెప్పేది. నీళ్ళు వస్తున్నాయంటే సామాను చూడకు, వెనక్కి చూడకు, బిడ్డని కొంగుతో ఒంటికి కట్టుకుని ఎత్తయినదేదో ఎక్కెయ్యి. చదువుకున్నాను, ఇంగ్లీషు వచ్చు, ఎవరినైనా అడగవచ్చు. అదేమీ తోచలేదు. సైకిలు ఎక్కడ పడిందో చూడలేదు. కోటు విప్పి పారేసి, పిల్లవాణ్ణి నడుముకి కొంగుతో రెండు చుట్లు చుట్టి బిగించి ముడివేసి, గాలిమర పక్కనున్న చెక్కమెట్లు ఎక్కి, చుట్టూ ఉన్న వరండా మీదికి చేరాను. ఎక్కుతున్నంతసేపూ వాడు ఏడవలేదు. అది నన్ను ఇంకా భయపెట్టింది.

పైనుంచి నీళ్ళ కోసం చూశాను. నీళ్ళు లేవు. ఆవులు మేస్తున్నాయి. కింద పెరట్లో ఒకావిడ దుప్పట్లు ఆరేస్తోంది, తలైనా ఎత్తలేదు. సైరన్ సన్నగిల్లి ఆగిపోయింది. అప్పుడు మా వారు కనపడ్డారు.

ఆయన సైరన్ విని, నేను బెదిరిపోతానని వెనక్కి తిరిగి వచ్చారు. వచ్చేసరికి కాలవ అంచున నా సైకిలు పడి ఉంది, పక్కన కోటు, బుట్టసీటు ఖాళీ. మనుషులు లేరు. ఆయన ఏమనుకున్నారో నేను పైనుంచి చూస్తూనే ఉన్నాను. బూట్లతో సహా కాలవలోకి దిగారు. మంచు కరిగి ఎన్నాళ్ళో కాని నీళ్ళలోకి ఛాతీదాకా దిగి, రెండు చేతులతో అడుగు తడుముతూ, మునిగి లేస్తూ, మళ్ళీ మునుగుతున్నారు. నేను అరిచాను. గాలి నా కేకని వెనక్కి తోసేసింది. మెట్లు దిగుదామంటే నడుముకి బిడ్డ, కింది మెట్టు కనపడడం లేదు. ఆయన మునిగిన ప్రతిసారీ తల పైకి తేలుతుందా లేదా అని చూశాను. దుప్పట్లు ఆరేసే ఆవిడకి నా కేక చేరింది. నన్ను చూసింది, కాలవ వైపు చూసింది, చేతిలోని దుప్పటి ఊపుకుంటూ గట్టు మీదికి పరుగెత్తి ఆయనకి నన్ను చూపించింది.

ఆయన పైకి వచ్చి మెట్ల మీద కూలబడ్డారు. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. “నీళ్ళు రాలేదే పిచ్చిమొహమా, నేనే నీళ్ళలోకి వెళ్ళాను” అన్నారు. అని, పిల్లవాడి పాదం పట్టుకుని చాలాసేపు వదలలేదు. నెలకోసారి, మొదటి సోమవారం మధ్యాహ్నం, సరిగ్గా పనిచేస్తున్నాయో లేదోనని దేశమంతటా సైరన్లు మోగిస్తారట. ఆయనకి ఆఫీసులో ఎవరో చెప్పారు, ఆయన నాకు చెప్పడం మరిచారు. దుప్పట్లు ఆరేసిన ఆవిడ మాకు వేడివేడి సూపు ఇచ్చింది, ఆయనకి తన భర్త లాగు ఇచ్చింది. నా కొంగు ముడి మాత్రం ఎంతకీ రాలేదు. చివరికి ఆవిడే మోకాళ్ళ మీద కూర్చుని, అల్లిక సూది మొనతో కొంచెం కొంచెంగా వదులు చేసింది. వాడి నడుము చుట్టూ ఎర్రగా కమిలిపోయింది.

తరవాత సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు ఈ కథ మా వాళ్ళకి పండగ అయింది. అందరికంటే ఎక్కువ నవ్వింది మా పిన్ని. అమ్మకి చెల్లెలే అయినా నాకంటే నాలుగైదేళ్ళే పెద్ద, ఒకే మంచం మీద పడుకుని పెరిగిన వాళ్ళం. కడుపు పట్టుకుని, “ఏమే, మళ్ళీ చెప్పు, అల్లుడుగారు బూట్లతో సహా దిగారా? దుప్పటావిడ ఏమంది?” అనేది. నేను చెప్పేదాన్ని. మా వారు అడ్డొచ్చి, “పిన్నిగారూ, మీ పిల్లని చేసుకున్నాక నాకు ఈత బాగా వచ్చిందండీ” అనేవారు. వెళ్ళిన ప్రతిసారీ అది చెప్పించుకోకుండా ఆవిడ మాకు కాఫీ ఇచ్చేది కాదు.

పోయిన కార్తీకంలో మా సీమ మీదికి ఉప్పెన వచ్చింది. సైరన్ లేదు, ఏ చప్పుడూ ముందుగా లేదు, గాలీ నీళ్ళూ ఒక్కసారే వచ్చాయన్నారు. మేం ఇక్కడ ఎన్నో రోజులు ఏ కబురూ తెలియక అల్లాడిపోయాం. పిన్ని చంటిబిడ్డని కొంగుతో నడుముకి కట్టుకునే ఉందని, ఆ ముడి విప్పడానికి ఎవరికీ చేతులు రాలేదని మా మేనమామ చెప్పాడు. మా అమ్మమ్మ మాట ఆవిడ కూడా నాలాగే విని పెరిగింది.

అప్పటినుంచి నేను మా అబ్బాయిని సముద్రం వైపు ఒంటరిగా పంపలేదు. బడి నుంచి రావడం ఒక్క క్షణం ఆలస్యమైతే వీధిలోకి వస్తాను. ఇక్కడ వాన పడదు, కాలవ లేదు, గట్టు లేదు, అలలు పాలు కాగినట్టు నెమ్మదిగా ఒడ్డుకి వస్తాయి. అయినా రాత్రి ఆ చప్పుడు వింటూ లెక్కలేనన్నిసార్లు లేచి వాడి గదిలోకి తొంగిచూస్తాను. మా వారు ఒక్కసారీ విసుక్కోలేదు. ఆయన సైకిలు కొన్నది నన్ను అడగకుండానే, కాని కొన్నాక ఇంట్లోకి తేకుండా గుమ్మం బయటే నిలబెట్టి నా వంక చూశారు.

ఇంతసేపూ రాస్తూ నాకు తోచింది ఒక్కటే. పిన్ని చెయ్యవలసిందంతా చేసింది. నాకంటే గట్టిగానే ముడివేసి ఉంటుంది. అది తెలిశాక, నేను పట్టుకుంటే వాడు క్షేమంగా ఉంటాడని నాకు నేను చెప్పుకోలేకపోతున్నాను. రేపు వెళ్ళనిస్తాను. తండ్రి పక్కన ఉంటాడు. వాళ్ళు తిరిగి వచ్చేదాకా నేను వాకిట్లో నిలబడే ఉంటాను, నా గుండె దడ నాది.

ఒకప్పుడు ఎంత భయపడ్డా, అది దాటాక చెప్పుకుని నవ్వుకోవడానికి ఒక ఇల్లు ఉండేది. ఇప్పుడు ఆ సైకిలు ప్రయాణం మా ఇంట్లో ఎవరూ ఎత్తరు. తన కోసం తండ్రి కాలవలో దిగాడని మా అబ్బాయికి ఇప్పటిదాకా తెలియదు. వాడు బయలుదేరే ముందు చెప్పాలని ఉంది. మొదలుపెట్టగలను కూడా. కాని మళ్ళీ చెప్పవే అని అడిగే మనిషి లేకుండా, ఆ కథలో ఎక్కడ ఆగి నవ్వాలో నాకు తెలియడం లేదు.